రెడ్డెప్ప మూడునాళ్ళ హెడ్‌మాస్టరీ

పందొమ్మిది వందల నలభై నాలుగు జూన్‌లో, బడి తెరిచిన నాలుగో రోజున మా పుంగనూరు బడికి ఒక ఆర్డరు వచ్చింది. తెచ్చినవాడు రెడ్డెప్ప. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడులు మూడింటినీ ఒకే సంఘం నడిపేది. సంఘం ఆఫీసు మదనపల్లెలో ఉండేది. ఆ ఆఫీసుకు రెడ్డెప్ప ఒక్కడే బంట్రోతు. వారానికి రెండుసార్లు బొగ్గు బస్సెక్కి మూడూళ్ళూ తిరిగి కాగితాలు పంచేవాడు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి బస్సులన్నీ బొగ్గు మీదే నడుస్తున్నాయి కనుక, దిగేసరికి అతని చేతులు మసిగా ఉండేవి. అతను తెచ్చే కాగితాల మీద సంఘం ముద్ర కంటే అతని వేలిముద్రలే బాగా కనబడేవి.

మా హెడ్‌మాస్టరు చిన్నస్వామిగారికి కళ్ళజోడు లేదు. నిరుడు దాన్ని ఆయన ఆవు తొక్కింది. యుద్ధం అయిపోయాక కొత్తది చేయించుకుందాంలే అని ఆయన అలాగే ఉండిపోయారు. అందువల్ల వచ్చిన ప్రతి కాగితమూ చదివి వినిపించడం నా పని. బడిలో నేను ఒక్కదాన్నే అసిస్టెంటును.

ఆర్డరులో ఇలా ఉంది. హెడ్‌మాస్టర్లు ఒకే ఊళ్ళో పాతుకుపోతున్నారు గనుక ముగ్గురినీ మారుస్తున్నాము. మదనపల్లె సత్యానందంగారు పుంగనూరుకు రావాలి. కుప్పం అబ్దుల్ జబ్బారుగారు మదనపల్లెకు పోవాలి. మదనపల్లె సత్యానందంగారు పుంగనూరుకు రావాలి. అయితే, తన చోటికి వచ్చే కొత్త హెడ్‌మాస్టరుకు బడిలోని వస్తువులన్నీ ఎదురుగా చూపించి, జాబితాలు రాసుకుని ఛార్జి అప్పగించేదాకా ఎవరూ బడి వీధి గడప దాటి కొత్త చోటికి బయలుదేరకూడదు. దాటితే వారి అగ్రిమెంటు రద్దు.

చిన్నస్వామిగారు విని, మంచిదే, మా మేనమామ ఊరు కుప్పం పక్కనే శాంతిపురం, అన్నారు. ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె సర్దుకున్నారు.

రెండోసారి చదివేటప్పుడు నాకు ఏదో తేడాగా తోచింది. కానీ ఆయన అడగలేదు. అడగని లెక్కకు జవాబు చెప్పకూడదని మా రామసముద్రం బడిలో చిన్నప్పుడే నాకు బాగా నేర్పారు.

ఆర్డరు చివర రెండు వాక్యాలు నా గురించి. నా గురించి అంటే మూడు బళ్ళలోని అసిస్టెంట్లందరి గురించి. మా అగ్రిమెంట్లు ఏడాదివి, జూన్ ముప్పైతో అయిపోతాయి. కొత్త అగ్రిమెంటు మీద, ఆర్డరు తరువాత ఛార్జి తీసుకున్న హెడ్‌మాస్టరే సంతకం పెట్టాలి. అది ముప్పైవ తేదీ తపాలులో పడాలి. పడకపోతే ఆ ఉద్యోగం తీసివేసినట్టే. అగ్రిమెంటు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో, వేలిముద్ర చెల్లదు, అని అచ్చువేసి ఉంటుంది. హెడ్‌మాస్టరు వేలిముద్ర ఎందుకు వేస్తాడో ఎవరికీ తెలియదు. అయినా ఏళ్ళ తరబడి ఆ మాట అక్కడే ఉంది.

ఉద్యోగం పోతే నేను రామసముద్రం పోవాలి. అక్కడ మా వదిన శనక్కాయలు ఒలిచే చేట ఒకటి నాకోసం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతుంది. ఆమె చెడ్డది కాదు. కానీ ఆ చేట ముందు కూర్చుంటే సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపిస్తుంది. ఇక్కడ మూడో తరగతిలో ఇరవై రెండు మంది ఆడపిల్లలు. వాళ్ళ ముందు కూర్చుంటే అప్పుడే సాయంత్రమైందా అనిపిస్తుంది. అంతే తేడా.

మర్నాడు ఛార్జి జాబితా రాయడానికి స్టాకు పుస్తకం తీశాను. నిరుడు ఆఫీసు గుమాస్తా మునిరత్నంగారు స్వయంగా వచ్చి, బడి ఆవరణలో కనబడిన ప్రతి వస్తువూ ఎక్కించుకుపోయిన పుస్తకం అది. నేను చదువుతూ పోయాను. నల్లబల్లలు రెండు. కుర్చీ ఒకటి. బల్ల ఒకటి. భూగోళం ఒకటి, సొట్టది. గంట ఒకటి. గంట కొట్టే కర్ర ఒకటి. నీళ్ళ కుండలు రెండు. ఆవు ఒకటి, ఎర్రది, కురచ.

చిన్నస్వామిగారు ఆవు దగ్గర ఆపమన్నారు.

అది ఆయన సొంత ఆవు. పేరు లచ్చి. పుంగనూరు ఆవులు ఎంత చిన్నవో ఎరుగని వాళ్ళకు చెప్పినా నమ్మరు. లచ్చి వీపు నా నడుముకు కూడా రాదు. పగలంతా బడి ఆవరణలో తిరిగేది. ఎండ ఎక్కువైతే తరగతిలోకి వచ్చి వెనక వరసలో పడుకునేది. ఎవరూ దాన్ని లేపేవారు కాదు. మునిరత్నంగారు దాన్ని కూడా వస్తువనుకుని ఎక్కించారు. కళ్ళజోడు లేని చిన్నస్వామిగారు కింద సంతకం పెట్టారు. కళ్ళజోడు తొక్కింది లచ్చే గనుక, దాని కర్మకు అదే బాధ్యురాలు.

ఆయన వెంటనే ఆఫీసుకు ఉత్తరం రాయించారు. రెడ్డెప్ప జవాబు తెచ్చాడు. పుస్తకంలో ఎక్కిన వస్తువు సంఘానిది, కొత్త హెడ్‌మాస్టరుకు అప్పగించవలసినది, అని ఉంది.

"దాని అమ్మను సాకినాను, దాన్నీ సాకినాను," అన్నారు చిన్నస్వామిగారు. "ఇప్పుడు కుండలతో పాటు అప్పజెప్పాలంటనా?"

ఆ రోజునుంచి ఆయన పెట్టె మీద కూర్చుని బస్సుకోసం చూడడం మానేశారు.

రెండోవారంలో కార్డులు రావడం మొదలైంది. మదనపల్లె నుంచి సత్యానందంగారు రాశారు. నేను సిద్ధం, జబ్బారుగారు రావడమే తరువాయి. కుప్పం నుంచి జబ్బారుగారు రాశారు. మూట కట్టి పెట్టుకున్నాను, చిన్నస్వామిగారు ఎప్పుడు వస్తారు? రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చదివి వినిపించాను. చిన్నస్వామిగారు చాలాసేపు ఆలోచించి, అయితే సత్యానందంగారు వస్తే నేను పోవచ్చన్నమాట, అన్నారు. తరువాత నెమ్మదిగా నవ్వారు. ఆర్డరు వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆఫీసుకు రాస్తే మునిరత్నంగారు జవాబిచ్చారు. ఆర్డరులో వరస నంబర్లు వేసి ఉన్నాయి, ఆ వరసలో పాటించండి. ఒకటో నంబరు సత్యానందంగారిది. ఆయన కదలాలంటే రెండో ఆయన రావాలి. రెండో ఆయన కదలాలంటే మూడో ఆయన పోవాలి. మూడో ఆయన లచ్చికి గడ్డి వేస్తున్నారు.

పద్దెనిమిదో తేదీ ఆదివారం మధ్యాహ్నం సత్యానందంగారే బస్సు దిగారు. ఆయన పద్ధతిగల మనిషి. మిషను బడిలో చదువుకున్నవారు. గుడి ఆరాధన ముగించుకుని, కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చారు. ఆదివారం బడి లేదు గనుక గడప దాటినా దాటినట్టు కాదని ముందే చెప్పుకున్నారు. అయినా మా బడి గడప మాత్రం దాటలేదు. ఛార్జి తీసుకోకుండా లోపలికి రావడం సబబు కాదని వీధి అరుగు మీదే కూర్చున్నారు. చిన్నస్వామిగారు బయటికి పోవడం సబబు కాదని లోపలి వైపు కూర్చున్నారు. మధ్యలో గడప.

సత్యానందంగారు మూడు సుద్దముక్కలు తీసి గడప మీద పెట్టారు. ఇది మీరు, ఇది నేను, ఇది జబ్బారుగారు, అన్నారు.

"మీరు కుప్పం బయలుదేరండి సార్. అంతా దానంతట అదే కదులుతుంది."

"మీరు వస్తే పోతాను సార్."

"జబ్బారుగారు వస్తే వస్తాను."

"ఆయన, నేను పోతే కదా వచ్చేది."

"అదే చెబుతున్నాను, వెళ్ళండి."

"నేనూ అదే చెప్తాండాను, రండి."

ఇద్దరూ మర్యాదస్తులే. ఒక్కమాట గట్టిగా అనుకోలేదు. ఇలా పన్నెండుసార్లు అనుకున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడి లెక్కపెట్టాను. పదమూడోసారికి లచ్చి వచ్చి, గడప మీది ముక్కల్లో ఒకదాన్ని నాలుకతో తీసుకుని నమిలింది. సున్నం రుచి దానికి ఇష్టం.

సత్యానందంగారు కొంచెంసేపు చూసి, "జబ్బారుగారు పోయారు," అన్నారు.

ఆయన తిరుగు బస్సుకు వెళ్ళిపోయారు. పోతూ నన్ను పిలిచి, నీ అగ్రిమెంటు సంగతి ఏమిటమ్మా అని అడిగారు. ముప్పైదాకా ఉందండి అన్నాను. తల ఊపారు. ఆ ప్రశ్న అప్పటిదాకా ఇంకెవరూ అడగలేదు.

మర్నాడు విరామంలో పిల్లలు వసారాలో నాలుగు స్తంభాలాట ఆడుతున్నారు. స్తంభానికొకరు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో దొంగగా ఉండవలసిన పిల్ల నీళ్ళు తాగడానికి పోయింది. నలుగురూ స్తంభాలు పట్టుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎవరూ కదలడం లేదు.

"యాల నిలబడి ఉండారు?" అని అడిగాను.

"కంబాలన్నీ నిండిపోయినాయి టీచరమ్మా," అంది అజీజాబీ. నా తరగతిలో అందరికంటే గట్టి పిల్ల. "మనిషి ఒకరు ఎక్కువుంటేనే ఆట నడిసేది."

ఆ మాట పట్టుకుని నేను మిగతా వారమంతా ఆలోచించాను. శనివారం బడి ఒకపూటే. బడి వదలగానే పదిన్నర బస్సెక్కి మదనపల్లె పోయాను. సంఘం ఆఫీసు విత్తనాల అంగడి మీద మిద్దెలో ఉంది. మునిరత్నంగారు ఒక్కరే ఉన్నారు. మెట్ల మీద రెడ్డెప్ప కూర్చుని సంగటి తింటున్నాడు.

మునిరత్నంగారు నన్ను చూడగానే, ఆర్డరులో తప్పు లేదమ్మా, నేను రాసిందే అది, అన్నారు. తప్పని చెప్పడానికి రాలేదండి, మనిషి ఒకరు తక్కువయ్యారు, అన్నాను. ఆయన కలం కింద పెట్టారు.

ఎవరైనా ఒకరు నాలుగు రోజులు పుంగనూరులో ఛార్జి పట్టుకుని కూర్చుంటే చిన్నస్వామిగారు కదులుతారు, ఆయన కదిలితే అందరూ కదులుతారు, అని చెప్పాను. అంత పొడుగు మాట నేను ఒక్క బిగిని మాట్లాడడం అరుదు. ఆయన కాసేపు పైకప్పు చూసి, రూలు ఒప్పుకుంటుంది, కానీ తాత్కాలికంగా ఛార్జి పట్టేవారి ఉద్యోగం ఆ నెలలో ముగిసేది కాకూడదు, అన్నారు. నాకు ఇవ్వడానికి లేదన్నమాట. సిబ్బంది పుస్తకం తీసి వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. అందరివీ ఏడాది అగ్రిమెంట్లే. పంతుళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారని సంఘమే అలా నిర్ణయించింది. పేజీ తిప్పారు. చివరి పేజీకి వచ్చేసరికి ఆయన వేలు ఆగింది.

గడువు లేని పేర్లు రెండే ఉన్నాయి. ఒకటి బంట్రోతు రెడ్డెప్ప. బంట్రోతుకు ఏడాది అగ్రిమెంటు పెట్టాలని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. రెండోది గుమాస్తా మునిరత్నం.

ఆయన తన కుర్చీ వైపు చూసుకున్నారు. కిటికీలోంచి వచ్చే గాలి వైపు, మూలనున్న కూజా వైపు చూశారు. తరువాత నేను ఏ ఆఫీసులోనూ చూడనంత వేగంగా ఒక కాగితం మీద రెడ్డెప్ప పేరు రాసి, ముద్ర కొట్టి, ఆరేదాకా ఊదారు.

సంగతి చెప్పగానే రెడ్డెప్ప చేయి కడుక్కుని లోపలికి వచ్చాడు.

"నేనా సామీ? యాల?"

"నువ్వేమీ చేసే పని లేదప్పా. ఆడ కుర్చీలో కూర్చుంటే సాలు."

"కూర్చునేది నాకు రాదు సామీ," అన్నాడు రెడ్డెప్ప. "పదిహేనేండ్లుగా నిలబడే ఉండాను."

కాగితం తీసుకుని సంతోషంగా పుంగనూరు వచ్చాను. చిన్నస్వామిగారు చదివించుకుని విన్నారు. నెమ్మదిగా, నేను పోనమ్మా, అన్నారు. ఛార్జి ఇయ్యాలంటే లచ్చిని ఇయ్యాల. రెడ్డెప్ప మంచోడే. కానీ రేపు సత్యానందంగారు, ఎల్లుండి ఇంకొకరు. ఈ సంఘం దాన్ని ఎన్ని ఊర్లు తిప్పుతుందో ఎవరికి తెలుసు.

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. లచ్చి మా ఇద్దరి మధ్య నిలబడి భూగోళాన్ని నాకుతోంది. ఏదో ఒకటి చేయాలి గనుక స్టాకు పుస్తకం తెరిచి, మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను. కుడివైపు చివర ఒక గడి ఉంది. దాంట్లో అంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. పైన, పనికిరానివి, అని ఉంది. వస్తువు విరిగినా, బోధనకు పనికిరాకపోయినా, హెడ్‌మాస్టరూ అసిస్టెంటూ కలిసి సంతకాలు పెట్టి కొట్టివేయవచ్చునట. కొట్టివేసిన వస్తువును ఎవరు పట్టుకుపోయినా సంఘం అడగదు.

"అయ్యవారూ, అసిస్టెంటు సంతకం కావాలని ఉంది," అన్నాను. "ముప్పై దాటితే ఈ బడికి అసిస్టెంటు ఉండదు."

ఆయన నావైపు చూశారు. కళ్ళజోడు లేకపోయినా ఆ సంగతి అప్పుడే మొదటిసారి కనబడినట్టుంది. నీ సంగతి నేను మరిచేపోయినాను తల్లీ, అన్నారు.

నేను కలం అందుకుని రాశాను. ఆవు ఒకటి. బోధనకు పనికిరాదు. మరమ్మతుకు వీలులేదు.

చదివి వినిపిస్తే ఆయన ముఖం చిన్నబోయింది.

"పనికిరాదనే రాయాలా అమ్మా? వెనక వరసలో ఎంత కుదురుగా కూర్చునేది."

వేరే గడి లేదండి అన్నాను. ఆయన లచ్చి వీపు నిమిరి, దానికి వినబడకుండా సంతకం పెట్టారు. నేనూ పెట్టాను.

ఇరవై ఎనిమిదో తేదీ బుధవారం ఉదయం చిన్నస్వామిగారు రెడ్డెప్పకు ఛార్జి అప్పగించారు. ఛార్జి జాబితా మీద వేలిముద్ర చెల్లుతుంది. దాని గురించి రూలేమీ లేదు. సిరా కూడా అక్కరలేకపోయింది. రెడ్డెప్ప అప్పుడే బస్సు దిగాడు.

అదే బస్సు కుప్పం దారిలో పలమనేరు వైపు పోయేది. డ్రైవరు మహబూబ్ బాషా ఆవును ఎక్కించనన్నాడు. చిన్నస్వామిగారు బతిమాలారు. పిల్లలు బతిమాలారు. బాషా దిగి వచ్చి లచ్చిని పక్కనుంచి చూసి, ఎత్తు కొలుచుకుని, ఇది ఆవంటే ఎవరు నమ్ముతారు, అని బొగ్గుబస్తాల పక్కన ఎక్కించాడు. బస్సు కదిలింది. వెనక కిటికీలోంచి రెండు కొమ్ములు, ఒక తలపాగా కనబడ్డాయి.

ఇక రెడ్డెప్ప హెడ్‌మాస్టరు. మొదటి గంట తనే కొట్టాడు. కొట్టి, కర్ర గోడకు ఆనించి, లోపలికి వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నాను. అంచు మీద కూర్చున్నాడు. అయిదు నిమిషాలకు లేచి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పూర్తిగా కూర్చోవడం వచ్చింది. మర్నాటికి కాలుమీద కాలు కూడా వేశాడు. వీధి గడప మాత్రం దాటలేదు. పిల్లల తల్లులు సంగటి తెచ్చి గడపలో పెట్టిపోయేవారు. రాత్రి బల్ల మీదే పడుకున్నాడు. పిల్లలెవరైనా అల్లరి చేస్తే, హెడ్‌మాస్టరుతో చెప్తాను, అని బెదిరించి, తానే హెడ్‌మాస్టరని జ్ఞాపకం వచ్చి సిగ్గుపడేవాడు.

ముప్పైవ తేదీ శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు సత్యానందంగారు దిగాలి. ఆయన ఛార్జి తీసుకుని, నా అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, నాలుగు గంటల మదనపల్లె బస్సుకు తపాలు పంపాలి. నేను కాగితం బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా భూగోళం పెట్టి సిద్ధంగా ఉన్నాను.

పన్నెండున్నరకు బస్సు వచ్చింది. సత్యానందంగారు రాలేదు. బాషా ఒక చీటీ ఇచ్చాడు. అందులో ఇలా ఉంది. జబ్బారుగారు నిన్న మధ్యాహ్నమే వచ్చారు. చాలా జాగ్రత్తగల మనిషి. పుస్తకాలు లెక్కపెట్టారు. ఇప్పుడు ఒక్కొక్క పుస్తకంలో పేజీలు లెక్కపెడుతున్నారు. రేపు తప్పక వస్తాను. క్షమించవలెను.

నేను చీటీ మడిచాను. రెడ్డెప్ప నా ముఖం చూసి ఏమని అడిగాడు. చెప్పాను.

"ఆయన రాకుంటే ఏమి తల్లీ? ఛార్జి నా దగ్గర ఉండాది కదా. యాడ వెయ్యాల ముద్ర?"

బొటనవేలు చూపించాడు. నేను కాగితం అడుగున చిన్న అక్షరాలు చదివి వినిపించాను. అతను వేలు మడుచుకున్నాడు.

"నాకు రాయను రాదు తల్లీ. పదిహేనేండ్లు కాగితాలు మోసినాను గాని, వాటిలో ఏముండాదో నాకెవరు సెప్పినారు? లావు కవరు కుప్పానికి, సన్నది ఈడికి. అంతే నా సదువు."

పన్నెండూ ముప్పావు. బస్సు నాలుగింటికి. నేను పిల్లలను పిలిచి, బయటినుంచి ఒక చేటెడు ఇసుక తెమ్మన్నాను. చేట చూడగానే మా వదిన జ్ఞాపకం వచ్చింది. త్వరగా కూర్చున్నాను.

ఇసుకలో అతని వేలు పట్టుకుని మొదటి అక్షరం దిద్దించాను. ఆ వేలు నలభై ఏళ్ళ కర్రలాగ ఉంది, ఎటు తిప్పినా తిరగదు. ఇరవై రెండు మంది పిల్లలూ చుట్టూ చేరారు. వాళ్ళకు నేనేమీ చెప్పనక్కరలేకపోయింది. నేను వాళ్ళతో ఎలా మాట్లాడతానో అలాగే మాట్లాడారు.

"తొందరలేదు తాతా, గుండ్రంగా తిప్పు," అంది అజీజాబీ. "ఆడ ఆపద్దు. పైకి పో. పైకి, పైకి. కోడిపెట్ట మాదిరి అయిపాయ. చెరిపి మళ్ళీ రాయి."

రెడ్డెప్ప చెరిపాడు, మళ్ళీ రాశాడు. రెండు గంటలకు ఇసుకలో పేరు వచ్చింది. పలకకు మారాం. బలపం పట్టుకోవడం తెలియక మూడు బలపాలు విరిచాడు. పిల్లలు తమ ముక్కలు ఇచ్చారు. నడుమనున్న అక్షరం దగ్గర ప్రతిసారీ చేయి జారేది. చెమట పలకమీద పడి రాసిందంతా కరిగేది. ఒకసారి విసుగొచ్చి, ఇంతకంటే పలమనేరు నడిచిపోయి రావచ్చు, అన్నాడు. అయినా లేవలేదు. హెడ్‌మాస్టరు లేవకూడదనుకున్నాడో ఏమో.

మూడున్నరకు వీధిలో బాషా బస్సు ముందుభాగాన చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. బొగ్గు అంటుకుని బస్సు లేవాలంటే అరగంట తిప్పాలి. ఆ కిర్రుమనే చప్పుడు వింటూ రెడ్డెప్ప ఇంకా గట్టిగా బలపం నొక్కాడు. నాలుగో బలపం విరిగింది.

నాలుగుకు పది నిమిషాలుండగా పలక మీద పేరంతా, ఒక్క అక్షరమూ పోకుండా వచ్చింది. పిల్లలెవరూ అరవలేదు. అరిస్తే చెదిరిపోతుందేమోనని భయపడ్డట్టు నిలబడ్డారు.

కలం ముంచి ఇచ్చాను. భూగోళం జరిపి కాగితం సర్దాను. రెడ్డెప్ప ఊపిరి బిగబట్టి రాయడం మొదలుపెట్టాడు. ఇసుకలో ఎంత పెద్దగా నేర్చుకున్నాడో అంత పెద్దగానే రాశాడు. మొదటి అక్షరం నా పేరు మీద పడింది. రెండోది తేదీని కప్పేసింది. సంఘం ముద్ర మీదుగా పోయి కాగితం అంచు చేరేసరికి ఇంకా ఒక అక్షరం మిగిలి ఉంది. ఆపితే మళ్ళీ రాదని ఇద్దరికీ తెలుసు. ఆపలేదు. ఆ చివరి అక్షరం బల్ల మీద రాశాడు.

బస్సు హారను కొట్టింది. రెడ్డెప్ప అలవాటుగా తపాలు సంచీ భుజాన వేసుకుని వీధివరకు పరుగెత్తి, గడప దగ్గర ఠక్కున ఆగాడు. ఛార్జి ఇవ్వకుండా దాటకూడదు. సంచీని గడప అవతలికి చాచాడు. బాషా బస్సు దిగి వచ్చి అందుకున్నాడు.

"ఏమప్పా హెడ్‌మాస్టరూ," అన్నాడు బాషా, "బంట్రోతు యాడ పోయినాడు?"

"వాడు ఈ పొద్దు సెలవు," అన్నాడు రెడ్డెప్ప.

మర్నాడు ఉదయం సత్యానందంగారు వచ్చారు. రెడ్డెప్ప ఆయనను లోపలికి పిలిచి, జాబితాలోని ప్రతి వస్తువునూ వేలితో తాకి చూపించాడు. ఆవు దగ్గర సత్యానందంగారు తల ఎత్తారు. పనికిరానివి గడిలో నేను రాసింది చదువుకున్నారు. గడప మీది సుద్దముక్క జ్ఞాపకం వచ్చి ఉంటుంది, వెంటనే సంతకం పెట్టారు. రెడ్డెప్ప సంచీ తీసుకుని గడప దాటి, వీధిలో ఒళ్ళు విరుచుకున్నాడు. ఇప్పటికి హాయిగా నిలబడినాను, అన్నాడు.

వారం తిరగకుండానే మునిరత్నంగారి నుంచి కాగితం వచ్చింది. అసిస్టెంటు కృష్ణమ్మ అగ్రిమెంటు మీద హెడ్‌మాస్టరు సంతకం అసంపూర్తిగా ఉన్నది. మిగతా భాగం ఎక్కడ? సంజాయిషీ ఇవ్వవలెను. సంజాయిషీ తృప్తికరంగా లేనిచో అగ్రిమెంటు రద్దు.

కాగితం పట్టుకుని నేను గోడకు ఆనుకున్నాను. సత్యానందంగారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కోటు గుండీ సర్దుకుని, బల్ల దగ్గరికి పోయి వంగి చూశారు. తరువాత చక్కని దస్తూరీతో జవాబు రాశారు. సదరు సంతకంలోని మిగతా భాగం స్టాకు జాబితాలో మూడవ వస్తువైన బల్ల మీద ఉన్నది. నేను స్వయంగా సరిచూసితిని. రెండు భాగాలూ కలిపితే సంతకం పూర్తి. బల్లను పంపమంటే పంపెదను.

బల్లను పంపమనలేదు. అగ్రిమెంటు మీద ముద్ర పడి వచ్చింది. స్టాకు పుస్తకంలో మూడో వరసన, బల్ల ఒకటి, అన్నచోట, సంతకంతో, అని చేర్చమని మాత్రం ఆర్డరు వచ్చింది. చేర్చాను.

చిన్నస్వామిగారు కుప్పం నుంచి కార్డు రాశారు. కళ్ళజోడు చేయించుకున్నారట. లచ్చికి కుప్పం సుద్దముక్కలు నచ్చలేదట. ఎవరైనా పుస్తకం పట్టుకుని బడి ఆవరణలోకి వస్తే దాన్ని గోడ అవతలికి తోలుతున్నారట.

ఆ కార్డు తెచ్చినరోజు రెడ్డెప్ప తపాలు పుస్తకంలో వేలిముద్ర వేయలేదు. నా కలం అడిగి తీసుకుని, నాలుగు గళ్ళు కలిపి తన పేరు రాశాడు. కిందా పైనా చూసుకుని, సిరాబుడ్డికి మూత పెట్టి కలం ఇచ్చాడు. పోతూ పోతూ గడపలో ఆగాడు.

"వచ్చే జూన్‌లోగా ఇంటిపేరు కూడా నేర్పు తల్లీ," అన్నాడు. "ఈ సంఘాన్ని నమ్మేదానికి లేదు."